ఒకే విశ్వవిద్యాలయంలో 38 ఏళ్ల కొలువు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ వార్తలు ఈ మధ్య మన పత్రికల క్రీడా పుటల్లో కూడా అప్పుడప్పుడూ కనిపిస్తున్నాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల ఆడపిల్లలు బడి జట్లలో ఆడుతుండటంతో ఇక్కడి తాతయ్యలూ అమ్మమ్మలూ సైతం ఆ ఆట గురించి ఆరా తీస్తున్నారు. సంతోషమే. కానీ ఆ వార్తల్లో ఎవరు ఎన్ని పాయింట్లు సాధించారో, ఎవరి ఒప్పందం విలువ ఎంతో ఉంటుంది తప్ప, ఆ పిల్లల చేత ఆ ఆట ఆడించిన మనిషి ఎవరో ఉండదు. మహిళా డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఈ లోటు నాకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. టెనెసీ విశ్వవిద్యాలయ మహిళా బాస్కెట్‌బాల్ జట్టుకు 1974 నుంచి 2012 వరకు ప్రధాన కోచ్‌గా ఉన్న ప్యాట్ సమిట్ వృత్తి జీవితాన్ని మీ పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను. ఆమె ప్రతిభను గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఆ ప్రతిభ పండటానికి ఆమెను ఒకే చోట, ఒకే పనిలో, ఓడినప్పుడు కూడా కదిలించకుండా ఉంచిన ఏర్పాటు ఎంత అవసరమయిందో చెప్పడం నా ఉద్దేశం.

ముందుగా లెక్కలు చెప్పి పక్కన పెడతాను. 38 సీజన్లలో ఆమె జట్టు 1,098 మ్యాచ్‌లు గెలిచి 208 ఓడింది. ఎనిమిది సార్లు జాతీయ కళాశాలల టైటిల్ నెగ్గింది. గెలుపులకంటే ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటి కూడా ఆమె ఖాతాలో లేదు. 2005 మార్చిలో పర్డ్యూ జట్టుపై సాధించిన 880వ విజయంతో, అమెరికా అగ్రశ్రేణి కళాశాల బాస్కెట్‌బాల్‌లో పురుషుల కోచ్‌లనూ మహిళల కోచ్‌లనూ కలిపి చూసినా అత్యధిక విజయాలు ఆమెవే అయ్యాయి. ఆమెకు ముందు ఆ స్థానం 879 విజయాలతో నార్త్ కరోలైనా పురుషుల జట్టు కోచ్ డీన్ స్మిత్‌ది.

ప్యాట్రీషియా స్యూ హెడ్ (ఇది ప్యాట్ పెళ్లికి ముందరి పేరు) 1952 జూన్ 14న టెనెసీ రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్‌లో, ఒక రైతు కుటుంబంలో పుట్టింది. ముగ్గురు అన్నలు, ఒక చెల్లెలు. పాలు పితకడం, ఎండుగడ్డి మోపులు మోయడం, పొగాకు కోయడం అన్నలతో సమానంగా చేసింది. మా ఒంగోలు ప్రాంతంలో పొగాకు చేలలోనూ గ్రేడింగు చోట్లా ఆడవాళ్లు చేసే చాకిరీ చూసినవారికి ఆ పని ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. పొద్దుగూకాక పశువుల కొట్టం పైన గడ్డి దాచే అటకలో రింగు కట్టుకుని అన్నలతో ఆడేది. ఉన్న ఊళ్లో హైస్కూలుకు ఆడపిల్లల జట్టు లేకపోతే, కూతురు ఆడగలిగే బడి దొరకడం కోసం తల్లిదండ్రులు హెన్రియెటా అనే పల్లెకు కాపురం మార్చారు. 1960లలో ఒక రైతు తన ఆడపిల్ల ఆట కోసం ఇల్లు మారడం ఏ దేశంలోనైనా చిన్న విషయం కాదు. అయినా ఆమె మార్టిన్‌లోని టెనెసీ విశ్వవిద్యాలయ శాఖలో చేరినప్పుడు ఫీజులు ఇంటివాళ్లే కట్టుకోవలసి వచ్చింది. అన్నలకు ఆటల కోటాలో స్కాలర్‌షిప్ వచ్చింది. ఆమెకు రాలేదు, ఎందుకంటే అప్పటికి ఆడపిల్లలకు అలాంటి స్కాలర్‌షిప్పే లేదు.

1972 జూన్‌లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు అందుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదన్నది దాని సారాంశం. ఆటల మాట అందులో ప్రత్యేకంగా రాయకపోయినా, దాని ప్రభావం అందరికీ కనబడింది ఆటల మైదానంలోనే. రెండేళ్ల తరువాత, 22 ఏళ్ల వయసులో, నాక్స్‌విల్‌లోని టెనెసీ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుకుంటూ సహాయకురాలిగా పనిచేయడానికి వచ్చిన ప్యాట్‌కు, ఉన్న కోచ్ సెలవు మీద వెళ్లడంతో జట్టు మొత్తం బాధ్యత వచ్చిపడింది. జీతం నెలకు 250 డాలర్లు. జట్టులోని కొందరు ఆమెకంటే ఏడాది మాత్రమే చిన్నవాళ్లు. యూనిఫారాలు అంతకు ముందు ఏడాది డోనట్లు అమ్మి కూడబెట్టిన డబ్బుతో కొన్నవి. వాటిని ఉతికిందీ ఆమే, బయటి ఊళ్ల మ్యాచ్‌లకు వ్యాను నడిపిందీ ఆమే. ఒకసారి బస చేయడానికి డబ్బు లేక ప్రత్యర్థి జట్టు జిమ్‌లోనే నేల మీద పడుకుని, మరునాడు అదే కోర్టులో ఆడారు. 1974 డిసెంబరు 7న మెర్సర్ జట్టుతో జరిగిన ఆమె తొలి మ్యాచ్‌లో 84–83 తేడాతో, అంటే ఒక్క పాయింటుతో ఓడిపోయారు. ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే ఆమె తాను చదువుకుంటూ, తరగతులు చెబుతూ, శస్త్రచికిత్స జరిగిన మోకాలిని ఒలింపిక్స్‌కు సిద్ధం చేసుకుంటూ ఉండేది. 1976లో మాంట్రియల్‌లో తొలిసారి మహిళల బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టినప్పుడు రజతం గెలిచిన అమెరికా జట్టుకు సహ కెప్టెన్‌గా ఆడింది. ఎనిమిదేళ్ల తరువాత లాస్ ఏంజెలెస్‌లో అదే దేశపు జట్టుకు కోచ్‌గా స్వర్ణం గెలిపించింది.

ఆ రోజుల్లో ఆమె చేసిన మరొక పని గురించి తక్కువగా చెబుతారు. టెనెసీ హైస్కూళ్లలో 1970ల చివరి దాకా ఆడపిల్లల బాస్కెట్‌బాల్ వేరే రకంగా ఉండేది. జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఒక సగంలో బంతిని రింగులో వేయడానికే, ముగ్గురు రెండో సగంలో అడ్డుకోవడానికే. మధ్య గీత ఎవరూ దాటకూడదు. ఆడపిల్లలు కోర్టు పొడవునా పరిగెత్తలేరన్న అపోహ మీద పుట్టిన నిబంధన అది. దీని ఫలితం ఏమిటంటే, హైస్కూలులో డిఫెన్స్ మాత్రమే ఆడిన పిల్లకు కళాశాల జట్టులో చోటు రాదు, ఎందుకంటే నాలుగేళ్లలో ఆమె ఒక్కసారి కూడా రింగు వైపు బంతి విసిరి ఉండదు. ప్యాట్ ఈ పద్ధతిని బాహాటంగా వ్యతిరేకించింది. పాత పద్ధతిని ప్రేమించే జనం మధ్య, ఉద్యోగంలో ఇంకా కుదురుకోని యువతి అలా మాట్లాడటానికి గుండె ధైర్యం కావాలి. చివరికి రాష్ట్రం ఐదుగురి ఆటకు మారింది. ఆ మార్పు వల్ల లాభపడిన ఆడపిల్లల్లో టెనెసీ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టినవారు కొద్దిమందే. మిగిలినవారందరూ ఇతర కళాశాలల్లో ఆడారు, ప్రత్యర్థులై టెనెసీతో తలపడ్డారు.

ఇప్పుడు నేను మనసు పెట్టి చెప్పదలచిన భాగానికి వస్తాను. ఆమె తొలి జాతీయ టైటిల్ 1987లో వచ్చింది. అంటే ఉద్యోగంలో చేరిన 13వ సీజన్లో. అంతకు ముందు ఏడు సార్లు ఆమె జట్టు దేశంలో చివరి నాలుగు జట్ల దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. 1980లో ఫైనల్లో ఓటమి, 1981లో ఫైనల్లో ఓటమి, 1984లో మళ్లీ ఫైనల్లో ఓటమి. అప్పటికే ఆమెకు పెద్ద మ్యాచ్‌లు గెలవడం చేతకాదని గుసగుసలు మొదలయ్యాయి. ఎనిమిదో ప్రయత్నంలో లూసియానా టెక్ జట్టును 67–44తో ఓడించి టైటిల్ అందుకుంది. ఆ తరువాత 1989, 1991, 1996, 1997, 1998, 2007, 2008 సంవత్సరాల్లో మరో ఏడు. వీటిలో 1997–98 సీజన్లో షమీక్ హోల్డ్స్‌క్లా, టమీకా క్యాచింగ్స్, సెమీకా రాండల్ ఆడిన జట్టు 39 మ్యాచ్‌లు ఆడి 39 గెలిచింది. అంతకు ముందు ఏడాది జట్టు ఏకంగా పది మ్యాచ్‌లు ఓడిపోయి కూడా టైటిల్ నిలబెట్టుకుంది. నన్నడిగితే ఆ అజేయ సీజన్ కంటే ఈ పది ఓటముల సీజనే గొప్పది. నవంబరు, డిసెంబరు నెలల్లో చతికిలబడిన పిల్లలను మార్చి నెలాఖరుకు దేశంలోకెల్లా మెరుగైన జట్టుగా నిలబెట్టడమే కోచ్ పని అంటే.

12 సీజన్లు ఎదురుచూసిన యాజమాన్యం ఆ విశ్వవిద్యాలయానిది. 1981 ఫైనల్ తరువాతనో, 1984 ఫైనల్ తరువాతనో ఇక చాలు అని ఆమెను పంపించి ఉంటే, ఎనిమిది టైటిళ్లూ లేవు, వెయ్యి విజయాలూ లేవు. ఈ ఓర్పు ఊరికే రాలేదు. టెనెసీ విశ్వవిద్యాలయం మహిళల ఆటలకు ప్రత్యేకంగా ఒక శాఖను, దానికొక డైరెక్టరును, దానికంటూ నిధులను ఏర్పాటు చేసి దశాబ్దాల పాటు నడిపింది. 1983 నుంచి 2012 వరకు జోన్ క్రోనన్ ఆ శాఖకు డైరెక్టరుగా ఉంది. పురుషుల ఫుట్‌బాల్ శాఖ గుమ్మం ముందు నిలబడి మిగిలిందేదో పెట్టమని అడిగే పరిస్థితి లేకపోవడం వల్లనే మహిళా కోచ్ తన పని మీద దృష్టి నిలపగలిగింది. 1987 డిసెంబరులో కొత్తగా కట్టిన థాంప్సన్–బోలింగ్ అరీనాలో టెక్సస్ జట్టుతో మ్యాచ్ చూడటానికి 24,563 మంది వచ్చారు. మహిళల బాస్కెట్‌బాల్‌కు అంత జనం అంతవరకు ఎక్కడా రాలేదు. ఆడవాళ్ల ఆట చూడటానికి ఎవరొస్తారు అనే ప్రశ్న నేను నా ఉద్యోగ కాలమంతా విన్నాను. ఆడవాళ్ల ఆటను ప్రతి ఏడాదీ ఒకే చోట, ఒకే మనిషి ఆధ్వర్యంలో, మంచి ప్రమాణంతో చూపిస్తే జనం వస్తారన్నది దానికి జవాబు.

చదువు విషయంలో ఆమె పట్టుదల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆమె దగ్గర ఆడే పిల్లలు ప్రతి తరగతిలోనూ మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి. కారణం లేకుండా క్లాసు ఎగ్గొడితే తరువాతి మ్యాచ్‌లో ఆడనిచ్చేది కాదు, ఆ పిల్ల జట్టుకు ఎంత ముఖ్యమైనదైనా సరే. మన కళాశాలల్లో ఆనవాయితీ దీనికి నేరుగా వ్యతిరేకం. టోర్నమెంటుకు వెళ్లివచ్చిన పిల్లలకు హాజరు వేయమని పి.డి. మేడమ్ ఒక్కొక్క లెక్చరరు దగ్గరికీ జాబితా పట్టుకుని తిరుగుతుంది. వాళ్లు విసుక్కుంటూ సంతకం పెడతారు. ఆ పిల్ల పాఠం ఎక్కడ ఆగిందో, ఎవరు చెప్పి పూర్తిచేస్తారో ఎవరూ అడగరు. సెమిస్టరు పరీక్షలో ఆమె తప్పితే, ఆటల వల్లే తప్పిందని ఇంట్లో ఆట మాన్పిస్తారు. టెనెసీలో నాలుగేళ్ల ఆట అర్హత పూర్తిచేసుకున్న ప్రతి క్రీడాకారిణీ పట్టా అందుకుంది. 38 ఏళ్లలో ఒక్కరు కూడా మినహాయింపు లేరు. ఎనిమిది ట్రోఫీలకంటే ఇది పెద్ద విజయమని నేను గట్టిగా నమ్ముతాను. ట్రోఫీ గెలవని జట్టులో ఉన్న పిల్ల కూడా ఈ విజయంలో భాగస్తురాలే. ఇది కూడా ఎక్కువ కాలం ఒకేచోట పనిచేసేవారికే సాధ్యం. మొదటి సంవత్సరంలో చేర్చుకున్న పిల్ల నాలుగో ఏడు పట్టా పుచ్చుకునే రోజున కోచ్ అక్కడే ఉండాలి కదా.

ఆమె శిక్షణ కఠినంగా ఉండేది. తప్పు చేసిన పిల్ల వైపు ఆమె చూసే చూపు అమెరికా అంతటా ప్రసిద్ధం. సాధన మ్యాచ్‌లలో విశ్వవిద్యాలయంలోని మగపిల్లలను ప్రత్యర్థులుగా దించి, వాళ్ల ఎత్తుకూ బలానికీ ఎదురొడ్డి రీబౌండ్లు పట్టేలా తయారుచేసేది. రింగుకు తగిలి తిరిగి వచ్చే బంతిని పట్టుకోవడమే టైటిళ్లు తెస్తుందని ఆమె నమ్మకం. పాయింట్లు వేయడానికి నైపుణ్యం కావాలి గాని, రీబౌండ్‌కు కావలసింది ముందుగా కదలడం, ఎదుటి మనిషిని వీపుతో కాచుకోవడం, రెండోసారీ మూడోసారీ ఎగరడం. అది ఎవరైనా నేర్చుకోగలది. అందుకే కోచ్ అనే మనిషి విలువ స్కోరుబోర్డు మీదకంటే రీబౌండ్ల లెక్కలో ఎక్కువగా తెలుస్తుందని నా అనుభవం కూడా.

అయితే కాఠిన్యం ఒక్కటే అయితే పిల్లలు ఆమె కోసం అలా ఆడి ఉండేవారు కాదు. టమీకా క్యాచింగ్స్‌కు పుట్టుకతోనే వినికిడి లోపం ఉంది. చిన్నప్పుడు బడిలో పిల్లలు వెక్కిరిస్తుంటే భరించలేక వినికిడి యంత్రాన్ని పారేసింది. అప్పటినుంచి పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటూ నెట్టుకొచ్చింది. ఆమె నాక్స్‌విల్ వచ్చాక ప్యాట్ ఆ సంగతి కనిపెట్టి, మళ్లీ యంత్రం పెట్టుకోమని, మాట స్పష్టత కోసం శిక్షణ తీసుకోమని ఒప్పించింది. దాచుకుంటే లోపంగా మిగిలేది, చెప్పుకుంటే తనలాంటి పిల్లలకు ధైర్యమవుతుందని నచ్చజెప్పింది. ఆ అమ్మాయి తరువాత నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. 18 ఏళ్ల పిల్ల ఎదుట కూర్చుని, ఆమె తల్లిదండ్రులు కూడా కదిలించలేని విషయం కదిలించగలిగేది ఎవరు? రోజూ సాయంత్రం కోర్టు మీద ఆ పిల్లను చూసే కోచ్ మాత్రమే. ఒక ఏడాది ఒప్పందం మీద, మరుసటి ఏడాది ఉంటుందో లేదో తెలియని ఉద్యోగం మీద వచ్చిన మనిషికి ఈ చనువు రాదు.

టెనెసీ పురుషుల జట్టుకు కోచ్ కావలసివచ్చినప్పుడు ఆ పదవి గురించి ఆలోచించమని ఆమెను అడిగిన సందర్భాలున్నాయి. ఆమె ఒప్పుకోలేదు. మగపిల్లల జట్టుకు వెళ్లడాన్ని పదోన్నతిగా ఎందుకు భావిస్తారని ఎదురు అడిగింది. ఈ ఒక్క జవాబు కోసమైనా ఆమె గురించి మన ఆడపిల్లలు తెలుసుకోవాలి. 2006లో కొత్త ఒప్పందంతో ఆమె వార్షిక ఆదాయం పది లక్షల డాలర్లు దాటింది. మహిళల బాస్కెట్‌బాల్ కోచ్‌లలో ఆ మొత్తం అందుకున్న తొలి వ్యక్తి ఆమే. నెలకు 250 డాలర్లతో మొదలుపెట్టిన మనిషి, జట్టు మారకుండా, ఊరు మారకుండా, ఆడపిల్లల ఆట వదలకుండా అక్కడికి చేరింది.

ఈ కథలో నన్ను బాధించే మలుపు కూడా ఉంది. టైటిల్ నైన్ చట్టం వచ్చిన 1972 నాటికి అమెరికా కళాశాలల మహిళా జట్లలో 90 శాతానికి పైగా మహిళలే కోచ్‌లు. అప్పుడు ఆ పనికి జీతం నామమాత్రం, కొన్నిచోట్ల అసలు లేదు. చట్టం వచ్చి, నిధులు వచ్చి, ఆ పని గౌరవప్రదమైన ఉద్యోగంగా మారాక ఆ పదవుల్లోకి మగవారు రావడం మొదలుపెట్టారు. అన్ని ఆటలూ కలిపి చూస్తే ఇప్పుడు మహిళా జట్లలో మహిళా కోచ్‌లు సగం కూడా లేరు. ఆడే అవకాశం ఆడపిల్లలకు వచ్చింది, ఆడించే అవకాశం ఆడవాళ్ల చేజారింది. సమర్థుడైన కోచ్ మగవాడైతే తప్పేమీ లేదు. కనెక్టికట్ విశ్వవిద్యాలయ మహిళా జట్టును తీర్చిదిద్దిన జీనో ఆరియెమా ప్యాట్‌కు అసలు సిసలైన ప్రత్యర్థి, గొప్ప కోచ్ కూడా. కానీ ఎదురుగా రైతు కూతురొకతె ఈ పని చేస్తూ కనిపించడం వేరు. ప్యాట్ దగ్గర ఆడినవారిలో ఎందరో తరువాత కోచ్‌లయ్యారు. కెల్లీ హార్పర్ టెనెసీకే ప్రధాన కోచ్‌గా పనిచేసింది, కారా లాసన్ డ్యూక్ విశ్వవిద్యాలయంలో జట్టు నడుపుతోంది. ఆడవాళ్లు ఈ ఉద్యోగంలో జీవితం గడపవచ్చని కళ్లారా చూసినందువల్లే వాళ్లు ఆ దారి పట్టారని నా అభిప్రాయం.

కుటుంబం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర మహిళా కోచ్‌లు ఉద్యోగం వదిలేది ఎక్కువగా అక్కడే. 1990 సెప్టెంబరులో నిండు గర్భిణిగా ఉన్న ప్యాట్, మిషెల్ మార్సినియాక్ అనే క్రీడాకారిణిని జట్టులోకి ఆహ్వానించడానికి విమానంలో పెన్సిల్వేనియా వెళ్లింది. అక్కడే నొప్పులు మొదలయ్యాయి. దారిలో దిగకుండా బిడ్డ టెనెసీలోనే పుట్టాలని పట్టుబట్టి తిరిగివచ్చాక కొడుకు టైలర్ పుట్టాడు. ఈ కథను సాహసంగా చెప్పుకుంటారు. నాకు అందులో సాహసం కంటే ప్రమాదమే ఎక్కువ కనిపిస్తుంది. ఆ తరువాత జరిగినదే నాకు ముఖ్యం. ఆ పిల్లవాడు తల్లితోపాటు జట్టు బస్సులో, విమానాల్లో, బెంచీ పక్కన పెరిగాడు. బిడ్డను వెంట తెచ్చుకున్నందుకు ఆ తల్లి ఉద్యోగానికి ముప్పు రాలేదు. మన దగ్గర చంటిబిడ్డ తల్లి జట్టుతో ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు వెళ్లాలంటే బిడ్డను ఎవరి దగ్గర వదలాలి, రైలు టికెట్టు ఎవరిస్తారు, బస ఎక్కడ అన్న ప్రశ్నలన్నీ ఆమె సొంత సమస్యలే.

2011 ఆగస్టులో, 59 ఏళ్ల వయసులో, తనకు అల్జీమర్స్ తరహా మతిమరుపు వ్యాధి ముందుగానే వచ్చిందని ప్యాట్ తానే లోకానికి ప్రకటించింది. మన ఇళ్లలో ఈ జబ్బును ఇప్పటికీ పెద్దతనపు చాదస్తమని సరిపెట్టుకుంటాం, లేదా నలుగురికీ తెలియకుండా దాస్తాం. జ్ఞాపకశక్తి మీద, క్షణాల్లో తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడిన ఉద్యోగంలో ఉన్న మనిషి దాన్ని బయటకు చెప్పడం అంటే ఉద్యోగాన్ని పణంగా పెట్టడమే. విశ్వవిద్యాలయం ఆమెను ఇంటికి పంపలేదు. ఆమె దగ్గర ఆడి, 1985 నుంచి ఆమె పక్కనే సహాయ కోచ్‌గా ఉన్న హాలీ వార్లిక్ ఆ సీజన్లో అధిక భాగం భారం మోసింది. జట్టు 27 మ్యాచ్‌లు గెలిచి, తమ కాన్ఫరెన్స్ (తమ ప్రాంతపు విశ్వవిద్యాలయాల కూటమి) టోర్నమెంటు టైటిల్ నెగ్గి, జాతీయ పోటీల్లో చివరి ఎనిమిది జట్లలో నిలిచి, ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడని బేలర్ విశ్వవిద్యాలయ జట్టు చేతిలో ఓడింది. 2012 ఏప్రిల్‌లో పదవి నుంచి తప్పుకుంటూ ప్యాట్ తన విజిల్‌ను వార్లిక్ చేతికిచ్చింది. ఆ ఏడాదే అధ్యక్షుడు ఒబామా ఆమెకు దేశపు అత్యున్నత పౌర పురస్కారమైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రదానం చేశారు. ఆ జబ్బుపై పరిశోధనకూ రోగుల కుటుంబాలకూ తోడ్పడేందుకు ఆమె పేరిట నెలకొల్పిన ఫౌండేషన్ నేటికీ పనిచేస్తోంది. 2016 జూన్ 28న, 64 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. ఆమె విజయాల సంఖ్యను 2020 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ కోచ్ తారా వాన్‌డర్‌వీర్ దాటింది, తరువాత ఆరియెమా కూడా దాటాడు. గమనించండి, వాళ్లిద్దరూ కూడా దశాబ్దాల తరబడి ఒకే విశ్వవిద్యాలయంలో ఉండిపోయినవారే.

ఇక మన సంగతి. అమెరికా విశ్వవిద్యాలయాల నిధులూ టెలివిజన్ హక్కులూ మనకు లేవు, వాటితో పోల్చుకోవడం న్యాయమూ కాదు. నేను అడుగుతున్నవి డబ్బుతో పెద్దగా పని లేనివి. మహిళా కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టరు పోస్టు ఖాళీ అయినప్పుడు దాన్ని ఏళ్ల తరబడి గెస్టు ఫ్యాకల్టీతో నడపకుండా రెగ్యులర్ నియామకంతో నింపాలి. నియమించినవారిని పరీక్షల డ్యూటీలకూ, ర్యాలీలకు పిల్లలను పోగుచేసే పనికీ, క్రమశిక్షణ కమిటీకీ వాడుకోకుండా సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా కోర్టు మీద ఉండనివ్వాలి. జట్టు ఒక ఏడాది జోన్ పోటీల్లో మొదటి రౌండులోనే ఓడివస్తే సంజాయిషీ అడిగే ముందు, మొదటి సంవత్సరం పిల్లలు చివరి సంవత్సరానికి వచ్చేదాకా ఆగాలి. బదిలీల్లో సైతం, ఒక ఆటలో జట్టును తయారుచేస్తున్న మహిళా ఫిజికల్ డైరెక్టరును ఆ జట్టు చదువు పూర్తయ్యేదాకా కదిలించకుండా ఉండే వెసులుబాటు కల్పించాలి. ఆడే పిల్లలు పోగొట్టుకున్న పాఠాలకు హాజరు ఇచ్చి ఊరుకోకుండా, వాటిని తిరిగి చెప్పించే బాధ్యత ప్రిన్సిపాలే తీసుకోవాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. శిక్షకుడి గొప్పతనం తెలుగువారికి తెలియనిదేమీ కాదు. సైనా నెహ్వాల్, పి.వి. సింధు పతకాలు తెచ్చినప్పుడు పుల్లెల గోపీచంద్ అకాడమీలో తెల్లవారుజామునే మొదలయ్యే సాధన గురించి మీరు రాశారు, మేము ఇష్టంగా చదివాం, ఆ తరువాత ఎందరో తల్లిదండ్రులు పిల్లల చేత రాకెట్టు పట్టించారు. అదే శ్రద్ధను మన జిల్లాల్లోని మహిళా కళాశాలల కోచ్‌ల మీద కూడా పెట్టండి. అంతర కళాశాలల పోటీల ఫలితాలు ప్రచురించేటప్పుడు విజేతలతో ప్రిన్సిపాలూ ముఖ్య అతిథీ నిలబడిన ఫొటో కింద వారి పేర్లన్నీ వేస్తారు. ఆ జట్టును తయారుచేసిన ఫిజికల్ డైరెక్టరు పేరు, ఆమె ఆ కళాశాలలో ఎన్నేళ్లుగా పనిచేస్తోందన్న వివరం ఒక్క వాక్యంలో వేయండి. వీలైతే నెలకొకరి చొప్పున, ఇరవై ఏళ్లకు పైగా ఆడపిల్లల చేత ఆడించిన కోచ్‌లను వెతికి, వాళ్ల దగ్గర ఆడిన పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడిగి రాయండి. బాస్కెట్‌బాల్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, ఏ ఆటైనా సరే. అలాంటివారు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఒంగోలు చుట్టుపక్కల ఉన్నవారి వివరాలు మీ విలేకరికి సమకూర్చి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టరు,
ఒంగోలు